కీ లేకుండా కారు చక్రం లాక్ నట్టు విప్పడం ఎలా

పంక్చర్ పడింది, డిక్కీ తెరిచి జాకీ తీశారు, వీల్ స్పానర్‌తో చకచకా నాలుగు నట్లు విప్పేశారు. ఐదోది చూస్తే మిగతావాటిలా ఆరు పలకల తల కాదు, గుండ్రంగా ఉండి మధ్యలో పువ్వు చెక్కినట్టు వంకర గాడి. చక్రాన్ని దొంగలు ఎత్తుకుపోకుండా వేసే లాక్ నట్టు అది, ప్రత్యేకమైన కీతోనే విప్పాలి. ఆ కీ ఎక్కడుందో గుర్తు లేదు. చాలామంది "ఇప్పుడేం చేయాలి" అని అడిగేది సరిగ్గా ఇక్కడికి వచ్చాకే. అప్పటికే ఒక తప్పు జరిగిపోయింది: ఆ నాలుగూ విప్పకుండా ఉండాల్సింది. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.

ఈ పనిలో బలం రెండో సంగతి. సాకెట్ (నట్టు తల మీద టోపీలా ఎక్కే ఇనుప గొట్టం) నట్టు మీద ఎంత గట్టిగా, ఎంత నిటారుగా కూర్చుందన్న దాన్ని బట్టే ముప్పాతిక పని తేలిపోతుంది. తిప్పడం ఆ తర్వాత అరనిమిషం. ఇంకో మాట, ఇది మీ సొంత బండికి, లేదా యజమాని పక్కనుండి విప్పమన్న బండికి మాత్రమే.

## 1. కీ నిజంగానే లేదా?

ఇది వేలెడంత కూడా లేని ఇనుప ముక్క. ఒక పక్క నట్టు గాడిలో సరిపోయే ఆకారం, ఇంకో పక్క మామూలు స్పానర్ పట్టే ఆరు పలకలు. సుత్తి పట్టుకునే ముందు పావుగంట వెతకండి:

- స్టెప్నీ కింద, జాకీ పెట్టే థర్మాకోల్ లేదా ఫోమ్ ట్రే గుంతల్లో
- జాకీ, టో హుక్కు ఉండే సంచిలో
- డ్యాష్‌బోర్డ్ అరలో, బండి మాన్యువల్ కవరు లోపల
- ముందు సీట్ల మధ్య ఆర్మ్‌రెస్ట్ కింద, తలుపు జేబుల్లో, సీటు కింద
- డిక్కీ పక్క గోడల్లో మూత ఉన్న చిన్న అరల్లో
- వీల్ స్పానర్ సాకెట్ లోపల

చివరిది సరదాకి రాయలేదు. నేను ఒకసారి గంటన్నర వెతికాను, అది నా చేతిలోని స్పానర్ గొట్టంలోనే ఇరుక్కుని ఉంది. ఈమధ్య టైర్లు మార్పించి ఉంటే అక్కడికి ఫోన్ చేయండి. వాళ్ల ఎయిర్ గన్ సాకెట్‌లో కీ ఉండిపోవడం మామూలే.

కీ దొరక్కపోయినా దాని కోడ్ దొరికితే సగం టెన్షన్ తీరినట్టే. కొన్ని కీల పక్కన, కొన్ని కంపెనీల్లో కీతో ఇచ్చే చిన్న కార్డు మీద అంకెలో అక్షరాలో ఉంటాయి. ఆ కోడ్‌తో డీలర్ దగ్గర కొత్త కీ తెప్పించుకోవచ్చు. కోడ్ కూడా లేకపోతే గాడి స్పష్టంగా కనిపించేలా నట్టు ఫోటో తీసి డీలర్‌కు చూపించండి. కొన్ని బ్రాండ్ల డీలర్ల దగ్గర ఆ కంపెనీ వాడే గాడులన్నిటికీ సరిపోయే మాస్టర్ కీల సెట్టు ఉంటుంది. తొందర లేకపోతే నా ఓటు దీనికే, ఎందుకంటే నట్టూ పాడవదు, అల్లాయ్ వీలూ గీసుకుపోదు.

## 2. నట్టు ఏ రకమో చూసుకోండి

టార్చ్ వేసి నట్టున్న గుంతలోకి చూడండి. నాలుగు సంగతులు తెలియాలి.

నట్టా, బోల్టా? కొన్ని బండ్లలో హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగానికి) స్టడ్లు, అంటే బయటికి పొడుచుకొచ్చిన మర కడ్డీలు ఉండి వాటి మీద నట్లు ఎక్కుతాయి. చాలా యూరోపియన్ కార్లలో స్టడ్లు ఉండవు, బోల్టే నేరుగా హబ్‌లోకి వెళ్తుంది. సాకెట్‌తో తీసేటప్పుడు రెంటికీ తేడా లేదు, డ్రిల్లు దాకా వెళ్తే మాత్రం చాలా తేడా ఉంది. ఇకపై సులువుగా ఉంటుందని రెంటినీ నట్టు అనే రాస్తున్నాను.

బయటి రింగు తిరుగుతోందా? స్క్రూడ్రైవర్ మొనతో నట్టు బయటి అంచును పక్కకు తోసి చూడండి. అంచు గిర్రున తిరుగుతూ లోపలి భాగం కదలకపోతే అది దొంగలను ఆపడానికి ప్రత్యేకంగా చేసిన రకం. దానికి ఏడో మెట్టు చూడండి. ఇది చూసుకోకుండా సాకెట్ కొట్టారంటే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు.

చుట్టూ ఖాళీ ఎంత? నట్టుకూ అల్లాయ్ గుంత గోడకూ మధ్య సాకెట్ గోడ దూరాలి. వెర్నియర్ కాలిపర్‌తో నట్టు బయటి వ్యాసం, గుంత వ్యాసం రెండూ కొలిచి రాసుకోండి. వెర్నియర్ లేకపోతే సాకెట్లు ఒక్కొక్కటీ పెట్టి చూడటమే.

గాడి బాగుందా, అరిగిందా? కీ ఉండి గాడి అరిగిపోయినా, కీ పళ్లు విరిగినా ఈ పద్ధతులే పనికొస్తాయి. అయితే సగం అరిగిన కీని ముందు ఒకసారి వాడి చూడండి: గాడిలోని మట్టిని సూదితో తవ్వేసి, కీని సుత్తితో మెల్లగా తట్టి లోపలికి దించి, చేత్తోనే తిప్పండి. ఎయిర్ గన్ వద్దు. అసలు ఈ గాడులు చెడేది ఎక్కువగా దానివల్లే.

## 3. కావాల్సిన సామాను

- 12 మూలల ఇంపాక్ట్ సాకెట్, అర అంగుళం డ్రైవ్ (వెనక రాడ్డు తగిలించే చదరపు రంధ్రం), పొడుగు రకం. నట్టు వ్యాసం కన్నా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు చిన్నది. ముందూ వెనకా సైజులు కూడా తెచ్చుకుంటే మంచిది
- లేదా లోపల ఎడమ చుట్టు పళ్లుండే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ల సెట్టు
- కిలో నుంచి కిలోన్నర సుత్తి
- దాదాపు 60 సెంటీమీటర్ల బ్రేకర్ బార్, అంటే రాచెట్ లేని పొడుగు రాడ్డు
- తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్, వైరు బ్రష్, బ్రేక్ క్లీనర్
- కళ్లద్దాలు, మందం చేతి తొడుగులు
- జాకీ, జాకీ స్టాండు, చక్రాల కింద పెట్టే దిమ్మలు
- మాస్కింగ్ టేపు
- టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్
- కొత్త నట్లు, ఎన్ని తీస్తే అన్ని

రెండు విషయాల్లో పిసినారితనం పనికిరాదు. ఒకటి కళ్లద్దాలు: ఈ నట్ల ఉక్కు గట్టిది, సుత్తి దెబ్బకు రవ్వలా ఎగిరిన ముక్క కంట్లో పడితే చక్రం సంగతి మర్చిపోవాల్సిందే. రెండోది ఇంపాక్ట్ సాకెట్. తళతళా మెరిసే మామూలు సాకెట్లు చేతి బలానికి చేసినవి, సుత్తితో కొడితే పగులుతాయి. నల్లగా, మందంగా ఉండేవే ఇంపాక్ట్ రకం.

ఆరు మూలల సాకెట్ ఎందుకు వద్దంటే, గుండ్రటి నట్టును అది ఆరు చోట్లే కరుస్తుంది. పన్నెండు మూలలదైతే పన్నెండు చోట్ల కొరుకుతుంది.

కొత్త నట్లు ముందే కొనమనడం ఎందుకంటే, తీసిన పాతది మళ్లీ బిగించే స్థితిలో ఉండదు. నాలుగు నట్ల చక్రాన్ని మూడింటితో రోడ్డెక్కించకండి.

## 4. బండిని సిద్ధం చేయడం

1. గట్టి, సమతలం నేల మీద ఆపండి. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో లేదా ఆటోమేటిక్ అయితే పార్కులో పెట్టండి.
2. ఎదురు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి.
3. జాకీ ఇప్పుడే ఎత్తకండి. నట్టు వదులయ్యేదాకా చక్రం నేల మీదే ఉండాలి. గాల్లో ఉంటే చక్రం తిరుగుతుంది, మీరు రాడ్డు మీద బరువు వేస్తే బండి జాకీ మీంచి జారిపోతుంది.
4. మామూలు నట్లు అన్నీ బిగువుగా ఉండాలి. ఇప్పటికే విప్పేసి ఉంటే వెనక్కి పెట్టి బిగించండి.

మొదట్లో చెప్పిన తప్పు ఇదే. చక్రాన్ని హబ్‌కు అదిమి పట్టే బరువును నట్లన్నీ పంచుకుంటాయి. మిగతావి విప్పేస్తే చక్రం కొద్దిగా ఒరిగి ఆ భారమంతా మిగిలిన ఒక్కదాని మీద పడుతుంది, అదీ ఓరగా పడుతుంది. అసలే మొండిగా ఉన్న నట్టు ఇంకా బిగుసుకుపోతుంది. కాబట్టి లాక్ నట్టు ముందు, మిగతావి తర్వాత.

5. నట్టు చుట్టూ వైరు బ్రష్‌తో రుద్ది, ఆయిల్ కొద్దిగా కొట్టి కనీసం అరగంట వదిలేయండి. తుప్పు బాగా ఉంటే ముందురోజు రాత్రే కొట్టండి. బ్రేకు డిస్కు మీద పడనివ్వొద్దు, పడితే బ్రేక్ క్లీనర్‌తో కడిగి తుడవండి.
6. నట్టు తల మీది ఆయిల్ మాత్రం తుడిచేయండి. లోపలి మరలకు నూనె కావాలి, బయట సాకెట్ కరవాల్సిన చోట అక్కర్లేదు.
7. గుంత అంచు చుట్టూ టేపు రెండు మూడు వరసలు అంటించండి.

## 5. సాకెట్ కొట్టి కూర్చోబెట్టే పద్ధతి

ఎక్కువ మందికి ఇక్కడే పని అయిపోతుంది, కాబట్టి నిదానంగా చదవండి.

సాకెట్‌ను నట్టు మీద పెట్టి చేత్తో నొక్కండి. పూర్తిగా దిగిపోతే అది పెద్దది, పనికిరాదు. నొక్కినా నట్టు అంచు మీద కుదురుకోకపోతే మరీ చిన్నది. సరైన సైజు నట్టు అంచున తట్టుకుని ఆగుతుంది, వదిలేస్తే పడిపోతుంది, కొడితేనే దిగేలా ఉంటుంది.

పొడుగు సాకెట్ ఎందుకు అడిగానంటే దాని వెనక భాగం గుంత బయటికి రావాలి. అప్పుడే సుత్తి దెబ్బ సాకెట్ మీద పడుతుంది, అల్లాయ్ మీద కాదు. పొట్టిదే ఉంటే పాత ఎక్స్‌టెన్షన్ రాడ్డు ఏదైనా పెట్టి దాని మీద కొట్టండి, అది పాడైనా బాధపడకుండా ఉండేది చూసుకుని.

మొదటి రెండు మూడు దెబ్బలు చిన్నవి, సాకెట్ నిటారుగా ఉందో లేదో చూడటానికి. పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి చూడండి. వంకర కనిపిస్తే తీసి మళ్లీ మొదలుపెట్టండి, కొడుతూ సరిచేయొచ్చులే అనుకోవద్దు.

తర్వాత దెబ్బలు గట్టిగా, సూటిగా. చిన్న సుత్తితో ముప్పై దెబ్బల కన్నా బరువు సుత్తితో ఆరేడు దెబ్బలు నయం. అలాగని సమ్మెట తీసుకుని బాదకండి, ఆ దెబ్బ వెనకున్న వీల్ బేరింగ్‌కు కూడా తగులుతుంది.

ఎప్పుడు ఆపాలో చెవి చెబుతుంది. మొదట్లో దెబ్బకు మొద్దుగా "ధబ్, ధబ్" అని వినిపిస్తుంది, సాకెట్ కొంచెం కొంచెం లోపలికి దిగుతుంటుంది. పూర్తిగా కూర్చున్నాక శబ్దం మారి "ఠంగ్" అని ఖంగుమంటుంది, సుత్తి చేతిలో వెనక్కి ఎగురుతుంది. అక్కడ ఆపేయండి. వేలితో సాకెట్‌ను ఊపి చూడండి, చక్రంతో కలిసి పోతపోసినట్టు ఉండాలి.

ఇప్పుడు తిప్పడం:

1. బ్రేకర్ బార్‌ను నేలకు సమాంతరంగా, చక్రానికి ఎదురుగా నిలబడితే మీ ఎడమ వైపుకు వచ్చేలా తగిలించండి. కిందికి నొక్కితే అపసవ్య దిశలో, అంటే విప్పే వైపు తిరుగుతుంది.
2. బార్ తల కింద జాకీ స్టాండు గానీ చెక్క దిమ్మ గానీ పెట్టి ఆనించండి. నొక్కినప్పుడు సాకెట్ వంగి జారకుండా ఉండటానికి దీన్ని మించిన చిట్కా లేదు.
3. చేతులు చాచి ఒంటి బరువును మెల్లగా మోపండి. కుదుపులు వద్దు, రాడ్డు మీదెక్కి గెంతడం అసలే వద్దు. పట్టు జారితే వేళ్లు ఎక్కడ తగులుతాయో ముందే చూసుకోండి. నా కుడి చేతి కణుపుల మీద మచ్చ ఇలా వచ్చిందే.
4. "టక్" మని ఒక్కసారి పేలినట్టు శబ్దం వచ్చి వదులైతే అది తుప్పు పట్టు విడిచినట్టు. రాడ్డు మెత్తగా, శబ్దం లేకుండా కదిలితే ఆపి చూడండి, నట్టు కాకుండా సాకెట్ జారుతూ ఉండొచ్చు.

నట్టు ఊడాక అది సాకెట్‌లో ఇరుక్కుని ఉంటుంది. సాకెట్‌ను వైస్‌లో బిగించి, వెనక చదరపు రంధ్రంలోంచి పంచ్ పెట్టి కొడితే బయటికి వస్తుంది. ఇదే సాకెట్‌తో మిగతా మూడు చక్రాలూ అయిపోవచ్చు, మూలలు అరిగిపోనూవచ్చు. అరిగితే ఇంకోటి వాడండి, మొండికేయొద్దు.

## 6. ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్

దీని లోపల పళ్లు ఎడమ వైపు మెలితిరిగి ఉంటాయి. విప్పే దిశలో తిప్పేకొద్దీ నట్టును ఇంకా గట్టిగా కరుస్తాయి. కొట్టడం, ఆనించడం, తిప్పడం అంతా పైన చెప్పినట్టే, సైజు మాత్రం నట్టు మీద బిగువుగా ఎక్కేది చాలు.

ఒక్క జాగ్రత్త. మొండి నట్టును ముందు కొంచెం బిగించి తర్వాత విప్పే అలవాటు కొందరికి ఉంటుంది. దీనితో అలా చేయొద్దు, బిగించే వైపు తిప్పితే పట్టు వదిలేస్తుంది.

నాకు రెండిట్లో ఏది ఇష్టమంటే, నట్టు గోడలు కిందికి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే రకానికి ఎక్స్‌ట్రాక్టర్, నిట్టనిలువు గోడలైతే మామూలు 12 మూలల సాకెట్.

## 7. బయటి రింగు తిరిగే రకం

రింగును పట్టుకుని ఎంత తిప్పినా లోపలి నట్టుకు తెలియదు. కాబట్టి ముందు రింగు పోవాలి.

సన్న ఉలిని రింగు అంచు మీద, చక్రం లోపలి వైపు కాకుండా నట్టు మధ్యకు వాలుగా పెట్టి కొట్టండి. ఒకే చోట కొడుతూ ఉంటే రింగు చీలుతుంది, చీలాక ముక్కు ప్లయర్‌తో లాగేయొచ్చు. లోపల మిగిలిన సన్న నట్టు మీద దానికి తగ్గ చిన్న సాకెట్ కొట్టి ఐదో మెట్టులోలాగే విప్పండి.

గుంత లోతుగా ఉంటే ఉలికి చోటుండదు. అలాంటప్పుడు అల్లాయ్‌ను చెక్కుకుంటూ కూర్చోకుండా పనివాళ్లకు అప్పగించడమే మేలు. వాళ్ల దగ్గర ఇలాంటి నట్ల కోసమే చేసిన సామాను ఉంటుంది.

## 8. ఉలి, డ్రిల్లు, వెల్డింగ్

ఇవి చివరి దారులు. వీలైతే ఇక్కడిదాకా రావద్దు.

ఉలి: నట్టు తల గుంత బయటికి పొడుచుకొచ్చి ఉంటేనే. అంచున గాటు పెట్టి, ఆ గాటులో ఉలిని ఓరగా ఉంచి విప్పే దిశలో కొట్టడం. గుంతలో ఉన్న నట్టుకు పనికిరాదు.

డ్రిల్లు: బోల్టులకే నయం. సరిగ్గా నడిమిన పంచ్‌తో గుర్తు పెట్టి, కోబాల్ట్ బిట్టుతో, తక్కువ వేగంతో, నూనె వేస్తూ చిన్న రంధ్రం చేసి క్రమంగా పెద్దది చేయాలి. రంధ్రం బోల్టు కాడ మందానికి చేరగానే తల ఊడిపోతుంది. మిగతా బోల్టులు విప్పి చక్రం తీస్తే కాడ హబ్ నుంచి పొడుచుకుని కనిపిస్తుంది, అదిమే ఒత్తిడి పోయింది కాబట్టి లాకింగ్ ప్లయర్‌తో తేలిగ్గానే తిరుగుతుంది. స్టడ్ మీద నట్టయితే మధ్యలో స్టడ్ ఉంటుంది, డ్రిల్లు దాన్నీ తినేస్తుంది. స్టడ్ మార్చుకోవచ్చు, కాని అది వేరే పని.

వెల్డింగ్: లాక్ నట్టు తలకు మామూలు నట్టును వెల్డ్ చేసి స్పానర్‌తో విప్పడం. పద్ధతి మంచిదే, ఇంట్లో చేసేది కాదు. గాలి నిండిన టైరు ఉన్న చక్రానికి వేడి తగిలితే టైరు పేలే ప్రమాదం ఉంది. అదే కారణంగా గ్యాస్ మంటతో నట్టును కాల్చడం కూడా వద్దు.

## 9. పని చెడితే

- సాకెట్ దిగడం లేదు: సైజు మరీ చిన్నది, లేదా గుంత గోడకు తగిలి ఆగుతోంది. గోడ మందం తక్కువున్న సాకెట్ చూడండి.
- సాకెట్ జారిపోతోంది: తీసేసి నట్టు మీది లోహపు పొడి, నూనె తుడిచి ఒక సైజు చిన్నది కొట్టండి. అదే సైజును మళ్లీ కొడితే గీసుకుపోయిన చోటే మళ్లీ జారుతుంది.
- బిగువుగా పట్టింది, కానీ తిరగడం లేదు: సాకెట్‌ను అలాగే ఉంచి ఆయిల్ వేసి ఓ గంట ఆగండి. సాకెట్ మీద నాలుగు దెబ్బలు వేసి మళ్లీ నొక్కండి. ఆ అదురుకు తుప్పు పగులుతుంది. అప్పటికీ కాకపోతే ఇంకా పొడుగు రాడ్డు.
- నట్టుతో పాటు స్టడ్ కూడా తిరుగుతోంది: ఆపేయండి. స్టడ్ హబ్‌లో పట్టు వదిలేసింది, గ్యారేజీ పని.
- నట్టు వదులైంది, చక్రం హబ్‌కు అతుక్కుంది: రెండు మామూలు నట్లను వేళ్లతో ఎక్కించి ఉంచి, టైరు పక్క గోడను అరచేత్తోనో రబ్బరు సుత్తితోనో తట్టండి. బండి స్టాండు మీద లేకుండా ఇది చేయొద్దు.

## 10. కొత్త నట్లు వేయడం

నట్టు వదులయ్యాక మిగతావీ వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తి, స్టాండు పెట్టి చక్రం తీయండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

కొత్త నట్టు కొనేటప్పుడు పాత మామూలు నట్టును పక్కన పెట్టి పోల్చండి:

- మర సైజు, పిచ్ (మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో). ఎం12 (12 మిల్లీమీటర్ల మర) లోనే 1.25, 1.5 అని రెండు రకాలు కనిపిస్తాయి, ఎం14 ఉన్న బండ్లూ ఉన్నాయి. వేళ్లతో నున్నగా ఎక్కాలి
- చక్రాన్ని తాకే అంచు ఆకారం. కోనులా, గుండ్రంగా, చదునుగా మూడు రకాలు. చక్రం గుంత ఏ ఆకారమో నట్టు అంచు అదే ఉండాలి, లేకపోతే ఎంత బిగించినా వదులవుతుంది
- బోల్టయితే పొడుగు. పొట్టిదైతే మరలు చాలవు, పొడుగుదైతే లోపల బ్రేకు భాగాలకు తగలొచ్చు

మళ్లీ లాక్ నట్లే వేయాలా అంటే, ఖరీదైన అల్లాయ్ వీల్స్ అయితే వేసుకోండి. మామూలు స్టీలు రిమ్ములకు నేనైతే అన్నీ మామూలువే వేస్తాను.

మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, తయారీదారు చెప్పకపోతే నూనె, గ్రీజు పూయకుండా, అన్నిటినీ వేళ్లతో ఎక్కించండి. బండి దించాక నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో బిగించండి. ఎంత టార్కో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కార్లకు 80 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, కాని అందాజుగా వద్దు, మీ బండి అంకే వాడండి. లాక్ నట్టును ఎప్పుడూ చేత్తోనే బిగించండి, ఎయిర్ గన్‌తో కాదు.

కొత్త లాక్ నట్లు వేసి ఉంటే కీ కోడ్‌ను ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కీని జాకీ సంచిలో వేసి, స్పానర్‌కే తాడుతో కట్టేయండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్ తీసి నట్లన్నీ ఇంకోసారి చూసుకోండి.